రెండు హార్డ్ డిస్కులు, ఒక కొబ్బరికాయ

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనకండి. ఇది పదకొండు పెళ్ళిళ్ళు ఒక్క పూటలో మంట గలిసిన కథ. పెళ్ళికూతుళ్ళు బాగానే ఉన్నారు, పెళ్ళికొడుకులు ఇంకా బాగున్నారు. పోయినవి వాళ్ళ పెళ్ళి వీడియోలు. వరదొచ్చి పోలేదు, దొంగలు పడి పోలేదు. శుభ్రంగా తలంటుకుని, పట్టుచీర కట్టుకుని, భక్తిశ్రద్ధలతో, చేతులారా నేనే పోగొట్టాను.

నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. మా పుట్టింటివాళ్ళది జగ్గయ్యపేట బజార్లో బియ్యం హోల్‌సేల్ కొట్టు. నన్ను ఇచ్చింది అదే ఊళ్ళో ఫోటో స్టూడియో నడిపే ప్రసాదుగారికి. కెమెరా ఆయనది, కౌంటరు నాది. ఆర్డర్లు రాసుకోవడం, ఆల్బమ్ కూర్చడం, తీసిన వీడియోలు భద్రపరచడం నా పని. అప్పటికి నాకు ముప్ఫై ఏళ్ళు. మూడు నెలల కంప్యూటర్ కోర్సు సర్టిఫికెట్టుకి ఫ్రేము కట్టించి గోడకి తగిలించుకున్నాను. ఇంక నాకు చెప్పేవాళ్ళెవరండీ?

ఒకరోజు పొద్దున్నే మా ఆయన గొడవ మొదలుపెట్టారు.

"షాపులో కంప్యూటర్ నిండిపోయింది. క్లౌడ్ తీసుకుందామే."

"అంటే?"

"మన ఫైళ్ళన్నీ ఇంటర్నెట్లో వాళ్ళ దగ్గర దాస్తాం. నెలకింతని కడతాం. రేపు మన షాపు తగలబడినా పెళ్ళిళ్ళు మాత్రం పదిలంగా ఉంటాయి."

"షాపెందుకు తగలబడాలి? పొద్దున్నే ఆ అశుభం మాటలేంటండీ?"

"మాటవరసకన్నానే తల్లీ."

"సరే, వాళ్ళెక్కడుంటారు?"

"ఎవరు?"

"ఆ దాచేవాళ్ళు."

"ఎక్కడో ఉంటారు. ఎక్కడుంటే మనకెందుకు?"

"అదేంటండీ! ముక్కూ మొహం తెలియనివాళ్ళ గోడౌన్లో మన సరుకు పెట్టి, దానికి మళ్ళీ మనమే అద్దె కట్టాలా? మా నాన్న వింటే నవ్విపోతారు."

మా నాన్నకి ఒక పద్ధతి ఉంది. సరుకు కళ్ళెదుట ఉండాలి, తాళంచెవి మొల్లో ఉండాలి. నలభై ఏళ్ళు కొట్టు అలాగే నడిపారు. బియ్యం బస్తాలకి పనికొచ్చింది పెళ్ళి వీడియోలకి ఎందుకు పనికిరాదని నా వాదన. పైగా మా షాపు ఇంటర్నెట్ సంగతి నాకు తెలియదా? ఒక్క పెళ్ళి పైకెక్కాలంటే దాంతో ఐదు రోజులు పడుతుంది, వాన పడితే ఎనిమిది. ఈలోగా ఆ పెళ్ళికూతురికి సీమంతం కూడా అయిపోతుందన్నాను.

నెట్ మాట వచ్చేసరికి ఆయన మెత్తబడ్డారు. "సరే, హార్డ్ డిస్కులే కొందాం. కానీ ఒకటి కాదు, రెండు. రెండింట్లోనూ అన్నీ ఎక్కిద్దాం. ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో ఉంచుదాం."

"రెండు కొనండి. ఉండటం మాత్రం రెండూ ఇంట్లో బీరువాలోనే. ఒకటి ఇక్కడా ఒకటి అక్కడా అంటే దేంట్లో ఏముందో ఎవరికి గుర్తుంటుంది?"

ఆయన నోరు తెరిచారు, నన్ను చూసి మూసేశారు. ఆ రోజు ఆయన మూయకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను. కానీ మూయించింది నేనే కదా.

డిస్కులు వచ్చాయి. నల్లగా, చేతిలో ఇమిడేలా, కొంచెం బరువుగా ఉన్నాయి. ఆ బరువు నాకు తెగ నచ్చింది. మా ఆయన మాత్రం మనసు ఊరుకోక, ఫోన్లో ఉచితంగా వచ్చే క్లౌడ్ ఒకటి తెరిచి, "ఇది ఎట్లా ఉంటుందో చూద్దాం, ఏదో ఒకటి మాట్లాడు" అని ఫోను నా వైపు తిప్పారు. నేనేమో డిస్కు చేత్తో పట్టుకుని పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. అది ఇప్పుడు కాదు, సమయం వచ్చినప్పుడు చెబుతాను. చెప్పకుండా తప్పించుకునే దారి లేదు.

ఆ వేసవిలో వేదాద్రిలో ఒక పెళ్ళి తీశాం. చందర్లపాడు రైతుల అమ్మాయి, పేరు శిరీష. నరసింహస్వామి గుడి పక్క సత్రంలో పెళ్ళి. అమ్మాయి పీటల మీద ఉండగా, మా ఆయన సత్రం అరుగు మీద కూర్చున్న ఒక పెద్దావిడ దగ్గరకి కెమెరా పట్టుకెళ్ళి, "మామ్మగారూ, మనవరాలికి నాలుగు మాటలు చెప్పండి, తర్వాత చూసుకుంటుంది" అన్నారట. ఆవిడ శిరీష నాయనమ్మ రత్తమ్మగారు. ఒక్క నిమిషం మాట్లాడారు. షాపుకొచ్చాక డిస్కులకి ఎక్కిస్తూ నేను ఆ ముక్క చూశాను. పడీ పడీ నవ్వాను. మా ఆయన్ని పిలిచి రెండోసారి కూడా వేసి చూపించాను. తర్వాత మామూలే, కంప్యూటర్లో చోటు లేదు కాబట్టి అందులో ఏమీ ఉంచకుండా, కెమెరా కార్డులు తుడిచేసి ఇంకో పెళ్ళికి పంపాం.

పెళ్ళివారు ఆల్బమ్ కోసం ఫోటోలు ఏరడానికి ఎన్నాళ్ళు తీసుకుంటారో ఈ వృత్తిలో ఉన్నవాళ్ళనడగండి. పిల్లనిచ్చేటప్పుడు కూడా అన్నిసార్లు ఆలోచించరు. బావగారు కళ్ళు మూసుకున్నాడని ఒకరు, వదినగారి నగ కనపడటంలేదని ఇంకొకరు. వేసవి పోయింది, శ్రావణం పోయింది, ఫోటోల లిస్టు రాలేదు. ఈలోగా వినాయకచవితి అయిన వారానికి రత్తమ్మగారు నిద్రలోనే పోయారు.

పెద్దకర్మ అయ్యాక శిరీష ఫోన్ చేసింది.

"ఆంటీ, మా నాయనమ్మ ఏదో మాట్లాడిందంట కదా వీడియోలో. అంకుల్ తీశారంట. ఆ ముక్క ఒక్కటి నా ఫోనుకి పంపిస్తారా? మా దగ్గర ఫోటోలున్నాయి గానీ, ఆవిడ గొంతు ఎక్కడా లేదు."

రెండు నిమిషాల పని. డిస్కు పెట్టడం, ముక్క పంపడం, అంతే. కానీ నేను హోల్‌సేల్ వాళ్ళ అమ్మాయిని కదా! విడి సరుకు ఇవ్వడం మాకు అలవాటు లేదు. ఆల్బమూ, వీడియో, ఫ్రేము ఫోటో అన్నీ ఒకే పెట్టెలో పెట్టి, బొట్టు పెట్టి ఇవ్వడం నేను షాపులో పెట్టిన పద్ధతి.

"దసరా వెళ్ళాక మొత్తం ఒకేసారి ఇచ్చేస్తా తల్లీ. కంగారేముంది? ఒకటి కాదు, రెండు డిస్కుల్లో ఉంది మీ నాయనమ్మ."

"సరే ఆంటీ" అంది పాపం. ఆ "సరే" ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

దసరా వచ్చింది. మా పుట్టింట్లో ఆ రోజు కాటాకి, తూకం రాళ్ళకి, గోడౌన్లో ఉన్న ప్రతి బస్తాకి పసుపు కుంకుమలు పెడతారు. మా స్టూడియోలో ఏటా కెమెరాలకి పూజ. మా ఆయన పక్కనే కాపలా కూర్చుని, "అద్దానికి కాదే, తాడుకి పెట్టు, తాడుకి" అని అరుస్తూ ఉండేవారు. ఆ ఏడు నందిగామలో గృహప్రవేశం పడింది. తెల్లవారగానే కెమెరాలన్నీ వేసుకుని వెళ్ళిపోయారు.

చూశారా నా కష్టం! పీట వేశాను, పూలు తెచ్చాను, పులిహోర కలిపాను. తీరా పూజ చేద్దామంటే ఇంట్లో ఆయుధం లేదు. ఆయుధం లేకుండా ఆయుధపూజ ఏంటి? బీరువా తెరిచాను. రెండు డిస్కులూ బుద్ధిగా కూర్చుని ఉన్నాయి.

ముందు తడిగుడ్డతో ఇద్దరికీ స్నానం చేయించాను. ఇత్తడి పళ్ళెంలో నిలబెట్టాను. పసుపు ముద్ద కలిపి, వైరు గుచ్చే చోట ఒక బొట్టు, లైటు వెలిగే చోట ఒక బొట్టు, వాటి మీద కుంకుమ, గంధం పెట్టాను. పదకొండు జంటల సౌభాగ్యం ఇందులో ఉంది కదా అని ఇంకో చెంచాడు ఎక్కువే పెట్టాను. హారతిచ్చాను. చివరికి కొబ్బరికాయ కొట్టాను. ముదురు కాయ. ఒక్క దెబ్బకి పగిలి నీళ్ళు చివ్వున చిమ్మి, సరిగ్గా పళ్ళెం నిండా పడ్డాయి. ఒక్క చుక్క కింద పడలేదు. అమ్మవారు స్వీకరించిందని చెంపలేసుకున్నాను.

సాయంత్రం మా ఆయన వచ్చారు. దణ్ణం పెట్టుకుందామని పూజగదిలోకి వెళ్ళి, వెనక్కి రాలేదు.

"ఏమేవ్!"

"ఏంటండీ?"

"ఇవి... ఇవి డిస్కులు కదూ?"

"కాక వడలా?"

"నీళ్ళలో ఉన్నాయే!"

"నీళ్ళు కాదు, తీర్థం. ముట్టుకోకండి! పూజలో పెట్టింది రేపు ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదు."

ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. మా ఆయనకి దేవుడన్నా భయమే, నేనన్నా భయమే. ఇద్దరం ఒకే వైపు ఉండేసరికి ఆయన చేసేదేముంది? చెయ్యి వెనక్కి తీసుకుని, డిస్కులకే దణ్ణం పెట్టుకుని వచ్చేశారు. అప్పుడైనా తీయనిచ్చి ఉంటే ఒకటైనా మిగిలేదని తర్వాత తెలిసింది.

మర్నాడు ఆయన పాల పాకెట్టుకి వెళ్ళగానే నేను పూజగదిలో చేరాను. అక్షింతలు వేసి, పళ్ళెం కదిపి, డిస్కుల్ని తుండుగుడ్డతో తుడిచాను. రాత్రంతా ఆయన మొహం చూసి నాకూ లోపల కొంచెం బెదురుగానే ఉంది. బాగున్నాయని చూపించి నోరు మూయిద్దామని ఒకటి కంప్యూటర్‌కి తగిలించాను. లైటు ఒకసారి మిణుకుమంది. టిక్ టిక్ మంది. చిన్న వాసన వచ్చింది. దేవుడి దగ్గర నుంచి వచ్చింది కదా, కర్పూరం వాసనేమో అనుకున్నాను.

కర్పూరం కాదని తెలియడానికి అర నిమిషం పట్టింది. అప్పుడైనా ఆగాలి కదండీ, మీరైతే ఆగుతారు. నేను మాత్రం "పోతే పోయింది, రెండోది ఉందిగా" అనుకుని, అదే చేత్తో రెండోదీ తగిలించాను. అది టిక్ అని కూడా అనలేదు.

మిగతా పది పెళ్ళిళ్ళు గుర్తుకు రాలేదు. "ఆవిడ గొంతు ఎక్కడా లేదు" అన్న శిరీష మాటే తలకాయలో గిర్రున తిరిగింది.

అప్పుడు వెలిగింది నాకు. ఫోను నీళ్ళలో పడితే బియ్యంలో పెడతారు కదా! తడి అంతా బియ్యం లాగేస్తుంది. ఈ వైద్యానికి నాకున్న సౌకర్యం ఎవరికుంది చెప్పండి? ఇంట్లో డబ్బాలో బియ్యం ఏం చాలుతాయి? చక్కగా మా నాన్న గోడౌన్‌కి వెళ్ళాను. ఆయన ముందు కొట్లో బేరంలో ఉన్నారు. చెబితే చీవాట్లు పెడతారని చెప్పలేదు. గోడ పక్కన ఒక పాతిక కేజీల బస్తా మూతి విప్పి, రెండు డిస్కుల్నీ నడిమధ్యకి దించి, చిన్నప్పుడు నాన్న నేర్పిన కుట్టుతో దబ్బనం పెట్టి మూతి కుట్టేశాను. మిల్లులో కూడా అంత అందంగా కుట్టరు. గుర్తు కోసం బస్తా మీద ఎర్రగా కుంకుమ బొట్టు పెట్టాను. మా ఆయనతో, "రెండ్రోజులు ఆగండి, బాగుచేయిస్తున్నా" అని మాత్రం అన్నాను. ఎక్కడని ఆయన అడిగితే, తెలిసినవాళ్ళ దగ్గరేనన్నాను.

మూడో రోజు వెళ్ళేసరికి గోడ పక్కన బస్తా లేదు. గోడే ఉంది.

"నాన్నా, ఇక్కడుండాల్సిన బస్తా ఏది?"

"ఏ బస్తానమ్మా?"

"కుంకుమ బొట్టున్నది."

మా నాన్న నన్ను ఎగాదిగా చూశారు. "దసరాకి అన్ని బస్తాలకీ బొట్టు పెట్టాం కదమ్మా."

నిజమే. గోడౌన్లో ఉన్న బస్తాలన్నీ ముత్తైదువుల్లా బొట్లు పెట్టుకుని నన్నే చూస్తున్నాయి. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఏటా చూస్తున్న ఆచారం, బస్తా కుట్టిన రోజు కంగారులో కళ్ళకి ఆననే లేదు.

"గోడ పక్కనవి ఆరు బస్తాలు పొద్దున్నే నందిగామ వెళ్ళాయి. కల్యాణమండపంలో నిశ్చితార్థం భోజనాలు. ఏమ్మా, ఏమైంది?"

"ఏం లేదు నాన్నా. అందులో... నావి కొన్ని ఉన్నాయి."

"బియ్యంలో నీవేమున్నాయే?"

"పెళ్ళిళ్ళు."

అది విని ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు. నేను ఆగలేదు. షాపుకి పరిగెత్తి, మా ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పి, స్కూటర్ వెనక ఎక్కాను. చిల్లకల్లు దాటి హైవే ఎక్కాం. లారీల మధ్య వెళుతుండగా ఆయన తల తిప్పకుండా అడిగారు.

"తెలిసినవాళ్ళు అంటే బియ్యమా?"

నేను ఆయన వీపు వెనక తల దాచుకున్నాను.

నందిగామ కల్యాణమండపం వెనక వంటలు జోరుగా సాగుతున్నాయి. వంట మేస్త్రి భారీ మనిషి, చేతిలో గరిట, మెడలో తువ్వాలు. ఆయన ముందుకెళ్ళి రొప్పుతూ నిలబడ్డాను.

"బాబాయ్ గారూ, బియ్యం ఎసట్లో పోశారా?"

"మూడు బస్తాలు పోశామమ్మా. మీరు పెళ్ళివారి తరఫా? ఆకలేస్తే టిఫినుంది, పెట్టిస్తా."

"టిఫిన్ కాదండీ. ఆ బియ్యంలో హార్డ్ డిస్కులున్నాయి."

ఆయన గరిట దించి, పట్టా మీద పోసిన బియ్యం వైపు చూపించారు. "అందులోంచి తీసిందొకటి అదిగో, ఆ కిటికీలో పెట్టా. నలభై ఏళ్ళుగా వండుతున్నా, బియ్యంలో రాళ్ళు చూశా, పురుగులు చూశా. ఇట్లాంటిది ఇదే చూడ్డం."

"రెండోది?"

ఆయన పెద్ద అల్యూమినియం బేసిన్ వైపు నడిచి, బియ్యం కడుగుతున్న నీళ్ళలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, కాసేపు వెతికి, పైకి తీశారు. మూడోసారి కడగడం కూడా అయిపోయిందట. నల్లని డిస్కు తెల్లని కడుగు నీళ్ళు కారుస్తూ ఆయన చేతిలో ఉంది. మా ఆయన జేబులోంచి రుమాలు తీసి దాన్ని పసిపిల్లని ఎత్తుకున్నట్టు అందుకున్నారు.

అటునుంచటే బెజవాడ వెళ్ళాం. పాడైన డిస్కుల్లోంచి ఫైళ్ళు తీసే ఒకాయన ఉన్నారు. కళ్ళజోడు పెట్టుకుని రెండింటినీ తిప్పి తిప్పి చూసి, నెమ్మదిగా అడిగారు.

"ఏం జరిగిందో ఏదీ దాచకుండా చెప్పండమ్మా. అప్పుడే నేనేమైనా చెయ్యగలను."

చెప్పాను. తడిగుడ్డ, పసుపు, కుంకుమ, గంధం, కొబ్బరినీళ్ళు, కరెంటు, బియ్యం, కడుగు.

ఆయన అంతా కాగితం మీద రాసుకుని, "ఇంక తాలింపొక్కటే తక్కువ" అన్నారు.

తర్వాత నవ్వకుండా ఇంకో మాట అన్నారు. "అమ్మా, మీరు చేసిన పూజది కాదు తప్పు. రెండు కాపీలుంటే చాలదు, రెండు చోట్ల ఉండాలి. ఒకే పళ్ళెంలో ఉన్న రెండూ ఒకటే లెక్క. తడిసినదాన్ని కరెంటుకి పెట్టకుండా తెచ్చినా చాలావరకు వచ్చేది." ఇదే మాట మా ఆయన డిస్కులు కొనేముందే చెప్పారు. ఒకటి షాపులో, ఒకటి ఇంట్లో అని. ఆయన అది గుర్తుచేయలేదు. పక్కనే నిలబడి గోడ మీద క్యాలెండర్ చూస్తున్నారు.

తిరిగొచ్చేటప్పుడు పరిటాల దగ్గర టీకి ఆగాం. హఠాత్తుగా మా ఆయన గ్లాసు పక్కన పెట్టి, "ఉండు, క్లౌడ్‌లో ఒకటి పెట్టాం కదూ! ఆ ఉచితం దాంట్లో!" అన్నారు.

నా ప్రాణం లేచొచ్చింది. "ఏది? ఏ పెళ్ళి?"

"గుర్తులేదు, ఏదో వీడియో ఉంది. ఆ రోజు పరీక్షకని ఎక్కించా."

ఫోను తెరిచారు. రోడ్డు పక్కన ఎండలో ఇద్దరం తలలు దగ్గర పెట్టి చూశాం. చక్రం తిరిగి తిరిగి బొమ్మ వచ్చింది. గులాబీరంగు చీరలో, చేతిలో కొత్త హార్డ్ డిస్కు ఊపుతూ, నేను. గొంతు ఎంత స్పష్టంగా ఉందంటే పక్క బల్ల మీద లారీ డ్రైవర్లు కూడా ఇటు తిరిగారు.

"ఇదిగో చూడండి! ఇదీ దాచుకోవడమంటే! చేత్తో పట్టుకుంటే బరువు తెలుస్తోంది. ఆ క్లౌడూ గిలౌడూ నమ్ముకుంటే ఏదో ఒకరోజు అన్నీ గాల్లో కలిసిపోతాయి. ఇది మాత్రం మన బీరువాలో నూరేళ్ళుంటుంది!"

మేము తీసినవాటన్నిటిలోకీ చెక్కు చెదరకుండా మిగిలింది అదొక్కటే. మా ఆయన నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ నా మొహం చూసి ఆపేశారు. నేను ఏడుస్తున్నాను.

పది రోజులకి బెజవాడ నుంచి కబురొచ్చింది. కడుగులో మునిగింది పూర్తిగా పోయింది. రెండో దాంట్లోంచి అక్కడక్కడా ముక్కలు వచ్చాయి. ఏం ముక్కలనుకున్నారు? భోజనాలు. తాళి కట్టినవి పోయాయి, తలంబ్రాలు పోయాయి, అప్పగింతలు పోయాయి. పదకొండు పెళ్ళిళ్ళలో జనం వరసలు కట్టి అన్నం తిన్నవి మాత్రం శుభ్రంగా వచ్చాయి. ఎవరు ఎన్ని గారెలు తిన్నారో మా దగ్గర పక్కా సాక్ష్యం ఉంది. ఆ పదకొండు ఇళ్ళకీ వెళ్ళి తలవంచుకుని తిట్లు తిన్నాం. అవి ఎవరూ వీడియో తీయలేదు కాబట్టి ఆ వివరాలు వదిలేస్తున్నాను.

వేదాద్రి భోజనాల ముక్కలో, మూడో వరస చివర, రత్తమ్మగారు కనపడ్డారు. మూడంటే మూడు క్షణాలు. తలొంచుకుని శ్రద్ధగా పప్పన్నం కలుపుకుంటూ, కెమెరా దగ్గరకి రాగానే "పోవయ్యా, తిననీ" అన్నట్టు ఎడమచెయ్యి విదిలించారు. మాట వినపడలేదు. సన్నాయి మోత.

ఆ మూడు క్షణాలూ ఫోన్లో వేసుకుని చందర్లపాడు వెళ్ళాను. మా ఆయన వస్తానన్నా వద్దన్నాను. పాడుచేసింది నేను, చెప్పాల్సిందీ నేనే. శిరీష పుట్టింట్లోనే ఉంది. నన్ను చూడగానే మొహం వికసించింది.

"తెచ్చారా ఆంటీ?"

చూపించాను. అయిపోయాక కూడా ఫోను పట్టుకునే ఉంది.

"తర్వాత?"

"అంతే తల్లీ. మాట్లాడింది పోయింది. నా వల్లే పోయింది. నువ్వడిగిన రోజు పంపి ఉంటే నీ దగ్గర ఉండేది. రెండు నిమిషాల పని, నేను చెయ్యలేదు."

ఆ పిల్ల అరిస్తే బాగుండేది. అరవలేదు. ఫోను ఒళ్ళో పెట్టుకుని అడిగింది. "నేనప్పుడు పీటల మీద ఉన్నా ఆంటీ. ఆవిడ ఏమందో నాకు తెలీదు. మీరు విన్నారా?"

"రెండుసార్లు విన్నా."

"గుర్తుందా?"

ఉంది. అక్షరం పొల్లుపోకుండా ఉంది. అరుగు మీద కూర్చుని చెప్పాను.

"'ఏమే సిరీ, ఇది నువ్వు తర్వాత చూస్తావంట. విను. మొగుడి మీద కోపం వచ్చిందనుకో, ముందు కడుపునిండా అన్నం తిను. తర్వాత పోట్లాడు. ఖాళీ కడుపుతో పోట్లాడితే ఏడుపొస్తుంది గానీ మాట రాదే. మీ తాతతో అరవయ్యేళ్ళు నేను అట్లాగే నెగ్గా.' అని నవ్వారమ్మా."

"ఎట్లా నవ్వింది?"

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, సగం దగ్గూ సగం నవ్వూ కలిపి నవ్వారు ఆవిడ. నేను అలాగే కొంగు పెట్టుకుని ప్రయత్నించాను. దగ్గు వచ్చింది, ఏడుపు వచ్చింది, నవ్వు రాలేదు. శిరీష కళ్ళు తుడుచుకుని, ఆ మూడు క్షణాలూ మళ్ళీ వేసుకుంది.

"చూడండి ఆంటీ, తన మాట తనే పాటిస్తోంది. ముందు అన్నం తింటోంది."

అప్పుడు ఇద్దరం నవ్వాం. ఆ నవ్వు ఆవిడది కాదు, అదే నా బాధ. వంద హార్డ్ డిస్కులు కొన్నా ఆ దగ్గు నవ్వు ఇంక దొరకదు.

ఇదంతా జరిగి ఏడేళ్ళయింది. ఇప్పుడు మా షాపులో పెళ్ళిళ్ళు క్లౌడ్‌లో ఉంటాయి, ఒక డిస్కులో షాపులో ఉంటాయి, ఇంకో డిస్కులో మా నాన్న ఇనప్పెట్టెలో ఉంటాయి. పెద్దవాళ్ళు కెమెరా ముందు మాట్లాడితే ఆ ముక్క అదే రోజు వాళ్ళ ఇంటికి విడిగా వెళ్ళిపోతుంది. విడి సరుకు ఇప్పుడు నేను ధారాళంగా ఇస్తాను. శిరీష నెలకోసారైనా ఫోన్ చేస్తుంది. "ఆంటీ, మా ఆయనతో గొడవైంది, నాయనమ్మ మాట ఒకసారి చెప్పండి" అంటుంది. ముందు తిన్నావా అని అడిగి, తర్వాత మొత్తం చెబుతాను. చివర నవ్వాల్సిన చోట ఇద్దరం కాసేపు ఊరుకుంటాం.

పోయిన దసరాకి వెలుగుతున్న కర్పూరం ముందు కుడిచెయ్యి చాచి మా ఆయన ఎదుట ప్రమాణం చేశాను: "కరెంటుతో పనిచేసే ఏ వస్తువుకీ నేను స్నానం చేయించను. కొబ్బరికాయ వీధి గుమ్మంలో తప్ప కొట్టను. బియ్యాన్ని అన్నానికి తప్ప వాడను. ఒకరి గొంతు నా దగ్గరుంటే, వాళ్ళడిగేదాకా ఆగను." తీరా చూస్తే ఆయన ఫోను పట్టుకుని వీడియో తీస్తున్నారు.

"క్లౌడ్‌లో పెట్టనా?" అన్నారు.

"పెట్టండి. డిస్కులోనూ పెట్టండి. కానీ ఆ డిస్కు కొబ్బరి వాసన తగిలే చోటికి తీసుకురాకండి."